పాదాలకు కన్నులు

(ఫాల్గుణ శుద్ధ ఏకాదశినాడు దేవస్థాన కల్యాణ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మొదట ఒక క్షమాపణ. మీరందరూ నేలమీద ఆసీనులై ఉండగా నేను కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నాను. స్వామివారి సన్నిధికి ఇంత చేరువలో కాళ్ళకు తెల్లని నూలు మేజోళ్ళు ధరించి ఉన్నాను. ఇందాక మండపంలోకి వస్తుండగా ఒక భక్తుడు, "శాస్త్రిగారూ, తమరు కూడానా?" అని అడిగాడు. ఆ మాటలో కొంత నొచ్చుకోలు ధ్వనించింది. అందులో తప్పేమీ లేదు. జీవితమంతా సంస్కృత పాఠశాలలో పిల్లలకు ఆచారం బోధించినవాడు ఇట్లా రావడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నిర్వాహకులు నన్ను నవవిధభక్తులలో ఒకటైన పాదసేవనాన్ని గురించి మాట్లాడమన్నారు. స్వామి పాదాలను గురించి చెప్పే ముందు నా పాదాలను గురించి చెప్పక తప్పదు. ఇది స్వవిషయమే అయినా, మీలో చాలామందికి, మీ ఇండ్లలోని పెద్దలకు పనికివచ్చే విషయం గనుక చెవియొగ్గి వినవలసిందిగా ప్రార్థన.

నాకు మధుమేహం ఉన్నట్లు తెలిసి ఇరవై రెండు సంవత్సరాలైనది. మొదటి పదేళ్ళు అదొక వ్యాధి అన్న స్పృహే నాకు లేదు. మాత్ర వేసుకునేవాడిని, శుభకార్యాలకు వెళ్ళిననాడు బూరెలను, పరమాన్నాన్ని కాదనేవాడిని కాదు. ఆ తరువాత కాలివేళ్ళ చివరల తిమ్మిరి మొదలైనది. చీమలు పాకినట్లుండేది, చూస్తే చీమలు లేవు. రాత్రి పడుకున్నాక అరికాళ్ళు నిప్పులమీద పెట్టినట్లు మండేవి. దుప్పటి అంచు తగిలినా ఓర్వలేకపోయేవాడిని. తడిగుడ్డ చుట్టుకున్నాను, ఆముదం రాశాను, గోరింటాకు పెట్టించుకున్నాను. డాక్టరుకు మాత్రం చెప్పలేదు. క్రమంగా నేలమీద నడుస్తుంటే దూదిమీద నడుస్తున్నట్లు తోచసాగింది. ఒకనాడు వీధిలో వెళుతుండగా వెనుకనుండి కిరాణా కొట్టు యజమాని, "పంతులుగారూ, మీ చెప్పు ఇక్కడే ఉండిపోయింది!" అని కేక వేశాడు. కుడికాలి చెప్పు జారిపోయినా, పది అడుగులు ఉత్తకాలితో నడిచినా నాకు తెలియలేదు. ఆనాడు ఇద్దరమూ నవ్వుకున్నాము.

ఇవి నేను ఎరుగని లక్షణాలు కావు. చరకసంహిత నిదానస్థానంలో ప్రమేహానికి పూర్వరూపాలను చెప్పేచోట, మూత్రానికి చీమలు చేరడంతోపాటు చేతులలోను, పాదాలలోను స్పర్శ మొద్దుబారడం, మంట పుట్టడం పేర్కొనబడినవి. ఆ భాగాన్ని నేను చదివినవాడినే. చదువు పుస్తకంలో ఉన్నది, వ్యాధి కాలిలో ఉన్నది. రెంటినీ కలిపి చూడవలసిన బుద్ధి నాకు లేకపోయింది.

మరికొంత కాలానికి మంట తగ్గిపోయినది. తిమ్మిరి కూడా తెలియడం మానింది. నేను పొంగిపోయి నా ధర్మపత్నితో, "స్వామి దయవల్ల కాళ్ళు బాగుపడినవి" అన్నాను. న్యాయశాస్త్రం చదువుకున్నవాడు చేయకూడని తప్పు అది. నొప్పి లేదు గనుక ఆరోగ్యమున్నదని నేను ఊహించాను. ఆ హేతువు ఎంత దుర్బలమో చూడండి. నొప్పి లేకపోవడం ఆరోగ్యవంతమైన కాలిలోనూ ఉంటుంది. చచ్చుబడిన కాలిలోనూ ఉంటుంది. ఎండు కట్టెలోనూ ఉంటుంది. ఇట్లా రెండు వైపులకూ పోయే హేతువును మా శాస్త్రంలో వ్యభిచరిత హేతువంటారు. దానినిబట్టి ఏదీ నిర్ణయించరాదు. పదిహేనేళ్ళ విద్యార్థి పరీక్షలో ఈ తప్పు చేస్తే నేను మార్కులు తగ్గించేవాడిని. నా విషయంలో నేనే చేశాను. దానికి మూల్యం కూడా చెల్లించాను.

అది వైశాఖ శుద్ధ చతుర్దశి, నృసింహ జయంతి. మధ్యాహ్నం దాటుతున్న వేళ. పదకొండు ప్రదక్షిణలు చేయాలని సంకల్పించుకున్నాను. ప్రాకారంలోని రాతి పలకలు పెనంలా కాలుతున్నాయి. యువకులు సైతం గంతులు వేస్తూ, నీడ ఉన్నచోటికి పరుగులు తీస్తున్నారు. నేను మాత్రం నెమ్మదిగా, అడుగులో అడుగు వేసుకుంటూ పదకొండు ప్రదక్షిణలు పూర్తి చేశాను. చూసినవారు చేతులు జోడించారు. "ఎంతటి నిష్ఠ!" అని ఒకరు అన్నది నా చెవిన పడింది. దాచుకోవడమెందుకు, ఆ మాట నాకు సంతోషం కలిగించింది. నా భక్తి వేడిని జయించిందనుకున్నాను. నిజానికి నేను దేనినీ జయించలేదు. నాకు వేడి తెలియలేదు, అంతే.

ఆ రాత్రి నా ధర్మపత్ని నేలమీద తడి గుర్తులు చూసి, "ఏమండీ, కాళ్ళు తుడుచుకోకుండా తిరుగుతున్నారా?" అని అడిగింది. నేను కాళ్ళు కడుగుకోనే లేదు. దీపం తెచ్చి చూస్తే రెండు అరికాళ్ళలోనూ బొబ్బలు లేచి చితికి ఉన్నాయి. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. నాకు మాత్రం అప్పటికీ నొప్పి లేదు. అంతకంటె భయం కలిగించిన సంగతి నా జీవితంలో మరొకటి లేదు.

ఆసుపత్రికి వెళ్ళాము. కుడికాలు ఆరు వారాలలో మానింది. ఎడమకాలి పుండు లోపలికి దిగింది. రెండవ వేలికి కుళ్ళు పట్టింది. నాలుగు నెలల వైద్యం తరువాత ఆ వేలిని తీసివేశారు. "ఇంకొక వారం ఆలస్యమైతే పాదమే పోయేది" అన్నారు శస్త్రవైద్యులు. ఈనాడు మీ ముందున్నది తొమ్మిది వేళ్ళతో నడిచే మనిషి.

ఆ నాలుగు నెలలలో ఆ డాక్టరుగారు నాకు గురువయ్యారు. నా మనుమడి వయసు ఉంటుంది ఆయనకు. ఒక సన్నని నైలాను పోగుతో నా పాదంలో అక్కడక్కడా తాకి, "తాతగారూ, కళ్ళు మూసుకుని, తెలిసినప్పుడు చెప్పండి" అన్నారు. పది గ్రాముల ఒత్తిడికి వంగే పోగు అది. నేను చాలాసేపు నిరీక్షించి, "ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగాను. "పది చోట్ల తాకాను" అన్నారు. తరువాత శృతిదండాన్ని మ్రోగించి బొటనవేలి ఎముకపై ఉంచారు; దాని కంపనం కూడా తెలియలేదు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి అధికంగా ఉంటే నరాలు దెబ్బతింటాయని, వాటికి రక్తమందించే సూక్ష్మనాళాలు కూడా చెడతాయని వివరించారు. శరీరంలో అన్నిటికంటె పొడవైన నరాలు వెన్నునుండి పాదాలవరకు పోయేవి గనుక మొదట వాటి చివరలు పాడవుతాయట. అందువల్లనే స్పర్శలోపం వేళ్ళవద్ద మొదలై మేజోడు తొడిగినట్లు పైకి ప్రాకుతుంది. మధుమేహమొక్కటే కారణం కాదని, బి 12 విటమిన్ లోపం, మద్యపానం, కుష్ఠు, కొన్ని మందులు కూడా నరాలను దెబ్బతీయగలవని చెప్పి, నా రక్తంలో బి 12 కూడా పరీక్షించారు. అది తక్కువగానే ఉన్నది. ఆ విటమిన్ జంతుసంబంధమైన ఆహారంలోనే ఉంటుంది. శాకాహారులమైన మనకు పాలు, పెరుగే ఆధారం. మధుమేహానికి ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్ అనే మందును చిరకాలం వాడితే అది మరింత తగ్గవచ్చును. శాకాహారనియమం పాటించే భక్తులు ఈ పరీక్ష సంగతి తమ వైద్యుని అడగడం మంచిది.

పోయిన స్పర్శ తిరిగి వస్తుందా అని అడిగాను. ఆయన మధురంగా అబద్ధం చెప్పలేదు. "మంటకు మందులున్నాయి. చక్కెరను అదుపులో ఉంచితే నష్టం త్వరగా పెరగకుండా కాపాడుకోవచ్చును. పోయిన స్పర్శను తెచ్చి ఇచ్చే మందు మాత్రం నా దగ్గర లేదు" అన్నారు.

ఆ రాత్రి ఆసుపత్రి మంచంమీద నాకు నిద్ర పట్టలేదు. అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహాన్ని నేను ఏటేటా పాఠం చెప్పాను. స్పర్శను గ్రహించేది త్వగింద్రియం. అది శరీరమంతటా వ్యాపించి ఉంటుంది. స్పర్శ శీతము, ఉష్ణము, రెండూ కానిది అని మూడు విధాలు. ఈ మాటలను ఎన్ని వందలసార్లు వల్లె వేయించానో! ఇప్పుడు ఆ మూడింటిలో ఒక్కటి కూడా నా పాదాలకు అందడం లేదు. నా ఇల్లంతా కాపలా ఉన్నది గాని, వీధి గుమ్మం దగ్గర కాపలావాడు మరణించాడు. అట్టి ఇంటిలో నిశ్చింతగా నిద్రించడమెట్లా?

ఆ ఆలోచనలోనే న్యాయసూత్రకర్తయైన గౌతమ మహర్షి గుర్తుకు వచ్చాడు. ఆయనకు అక్షపాదుడని మరొక పేరు. అంటే పాదాలలో కన్నులు గలవాడు. ఆయన తత్త్వచింతనలో మునిగి నడుస్తూ నూతిలో పడిపోయాడని, అప్పుడు భగవంతుడు కరుణించి పాదాలలో కన్నులు అనుగ్రహించాడని పెద్దలు చెప్పే కథ. పిల్లలను నవ్వించడానికి ఏటా ఈ కథ చెప్పేవాడిని. ఆ రాత్రి నాకు నవ్వు రాలేదు. నాకు కావలసిన ఉపదేశం ఆ పేరులోనే ఉన్నదనిపించింది. పాదాలకు స్పర్శ పోయినప్పుడు వాటికి కన్నులు పెట్టుకోవాలి.

అప్పటినుండి నేను న్యాయశాస్త్రంలోని నాలుగు ప్రమాణాలతో నా కాళ్ళను కాపాడుకుంటున్నాను. మొదటిది ప్రత్యక్షం. పాదాలు చెప్పనిదానిని కన్నులతో తెలుసుకుంటాను. ప్రతిరోజూ సాయంసంధ్యకు ముందు మంచి వెలుతురులో కూర్చుని పాదాలను, మడమలను, వేళ్ళ సందులను చూసుకుంటాను. అరికాలు కనబడేటట్లు క్రింద అద్దం ఉంచుకుంటాను. రెండవది అనుమానం. పొగనుబట్టి నిప్పును తెలుసుకున్నట్లు, మేజోటిపై మరకనుబట్టి గాయాన్ని తెలుసుకుంటాను. ఇందాక అడిగిన భక్తునికి ఇదే నా సమాధానం. ఇవి తెల్లనివి కావడానికి కారణం శుచి ఒక్కటే కాదు. రక్తపు చుక్క పడితే వెంటనే కనబడుతుంది. మూడవది ఉపమానం. శాస్త్రార్థాన్ని కొంచెం సాగదీస్తున్నాను, విద్వాంసులు క్షమించాలి. ఒక పాదాన్ని మరొక పాదంతో పోల్చి చూస్తాను. ఒకటి ఎర్రబడినా, వాచినా, చేతితో తాకితే రెండవదానికంటె వేడిగా ఉన్నా ఆనాడే వైద్యుని దగ్గరకు వెళతాను. నాలుగవది శబ్దం, అనగా ఆప్తవాక్యం. డాక్టరు మాట ఒకటి, ఇంటిలోనివారి మాట ఒకటి. స్నానపు నీటి వేడిని నా కాలు చెప్పదు. నా ధర్మపత్ని చేయి చెబుతుంది. ఆమె చాలునన్న తరువాతనే కాలు పెడతాను.

వీటితోపాటు కొన్ని నియమాలున్నవి. కడిగిన తరువాత వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి. మడమలు పగలకుండా నూనె రాయవచ్చును గాని వేళ్ళ మధ్య రాయరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోరాదు. గోళ్ళను మూలలు లోనికి తవ్వకుండా నిటారుగా తీయించుకోవాలి. ఉప్పు మూట కాపడం, వేడినీళ్ళ సీసా, వేడినీటిలో కాళ్ళు నానబెట్టుకోవడం మనవంటివారికి నిషిద్ధం. ఇంటిలో కూడా చెప్పులు లేకుండా నడవరాదు. మెత్తని ఎం.సి.ఆర్. అట్టతో, మడమ వెనుక పట్టీతో చేసిన చెప్పులు దొరుకుతాయి. తొడిగే ముందు లోపల రాయి, మేకు ఉన్నాయేమో చేతితో తడిమి చూసుకోవాలి. గాయమంటూ అయితే దానిమీద నడవకపోవడమే సగం వైద్యం. ఎవరో చెప్పిన లేపనాలు పూసి వారం రోజులు వేచి చూడడం నా వేలిని తీసుకుపోయింది. మీకు ఆ గతి పట్టరాదు.

మరొక సంగతి. నిలబడి కన్నులు మూసుకుంటే నాకు తూలు వస్తుంది. పాదాలు నేల సంగతి చెప్పవు గనుక కన్నులే నన్ను నిలబెడుతున్నాయి. అవి మూసుకుంటే ఆధారం పోతుంది. ఒకనాడు సంధ్యావందనంలో అట్లాగే పడబోయాను. ప్రాతఃసంధ్యలో జపం నిలబడి చేయడం విధి. ఇప్పుడు కూర్చుని చేస్తున్నాను. పూజాంతంలో ఆత్మప్రదక్షిణ చేసేటప్పుడు కన్నులు తెరచి, గోడకు చేయి ఆనించి తిరుగుతాను. రాత్రి లేచి వెళ్ళే దారిలో చిన్న దీపం వెలుగుతూ ఉంటుంది. ఇవన్నీ మొదట నాకు సిగ్గనిపించినవి. శాస్త్రం ఒప్పుతుందా అని మథనపడ్డాను.

ఆ సందేహానికి కాళిదాస మహాకవి నాకు సమాధానం చెప్పాడు. కుమారసంభవం ఐదవ సర్గలో పార్వతీదేవి ఘోరతపస్సు చేస్తుంటుంది. శివుడు బ్రహ్మచారి వేషంలో వస్తాడు. వచ్చి ఆమెను ఏమని అడుగుతాడు? ఇంకా తీవ్రంగా తపస్సు చేయవేమని అడగడు. నీ శక్తికి తగినంతగానే చేస్తున్నావా అని అడుగుతాడు. ధర్మాన్ని సాధించే పరికరాలలో శరీరమే మొదటిది కదా అంటాడు. ఎవరికోసం ఆ తపస్సు జరుగుతున్నదో ఆ స్వామియే స్వయంగా వచ్చి అడిగిన కుశలప్రశ్న అది. ఆ నృసింహ జయంతినాడు స్వామి నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే నేను ఏమని చెప్పి ఉండేవాడిని?

యాత్రికులారా, మీలో మధుమేహం ఉన్నవారు తప్పక ఉంటారు. అలిపిరి మార్గంలో 3,550 మెట్లు ఎక్కి తిరుమలకు వెళతామని మ్రొక్కుకున్నవారుంటారు. అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు, ఆషాఢంలో 32 కిలోమీటర్ల సింహాచల గిరిప్రదక్షిణకు వెళ్ళేవారుంటారు. నేను వద్దనడం లేదు. మ్రొక్కుకునే ముందు ఒకసారి డాక్టరుచేత పాదాలకు స్పర్శ పరీక్ష చేయించుకోండి. దానికి పట్టేది కొద్ది నిమిషాలే. స్పర్శ తగ్గినట్లు తేలితే ఉత్తకాళ్ళతో నడకకు పూనుకోకండి. ఇదివరకే మ్రొక్కి ఉంటే ఆ నడకకు బదులు జపమో, పారాయణమో, అన్నదానమో చేయండి. ఆలయ ప్రాకారంలో తప్పనిసరిగా నడవవలసివస్తే ఎండ ఎక్కకముందే వెళ్ళండి. అనుమతి ఉన్నచోట శుభ్రమైన నూలు మేజోళ్ళు ధరించండి. వాటితో వచ్చినవారినీ, చక్రాల కుర్చీలో వచ్చినవారినీ చూసి నిష్ఠ లేనివారనుకోకండి. మండుటెండలో కదలక మెదలక నడుస్తున్న వృద్ధుడు కనబడితే చేతులు జోడించడం తరువాత. ముందు చేయి పట్టుకుని నీడకు తీసుకురండి. ఆనాడు ఎవరైనా నన్ను అట్లా తీసుకువచ్చి ఉంటే ఎంత బాగుండేదో!

ధర్మకర్తలకు, దాతలకు ఒక విన్నపం. వేసవి రాబోతున్నది. ప్రదక్షిణ మార్గమంతటా కొబ్బరిపీచు పట్టాలు పరిపించండి; వాటిని గంటగంటకూ నీటితో తడిపించండి. రాతిపై తెల్లని చలువ పూత వేయించండి. పాదరక్షలు భద్రపరిచే చోట ఒక బల్ల, ఒక దీపం, నేలకు వాల్చిన ఒక అద్దం ఏర్పాటు చేయించండి. దర్శనం చేసుకుని వచ్చినవారు అక్కడ కూర్చుని తమ పాదాలు చూసుకుంటారు. గోపురానికి బంగారు కలశం చేయించడం గొప్ప పుణ్యమే. భక్తుని పాదం కాలకుండా కాపాడడం కూడా పాదసేవనమేనని ఈ వృద్ధుని మనవి.

చివరగా పిల్లలకు ఒక మాట. ఉగాది వస్తున్నది. పెద్దలకు పాదాభివందనం చేస్తారు. వంగినప్పుడు నమస్కరించి వెంటనే లేవకండి. తాతగారి పాదాలను, నానమ్మ మడమలను ఒక్క నిమిషం చూడండి. మా ఇంటిలో ఇప్పుడు ఆ పని నా మనుమరాలు చేస్తున్నది. చదువుకునే బల్లమీది దీపం తెచ్చి, నా ఎదుట కూర్చుని, తొమ్మిది వేళ్ళూ లెక్కపెట్టి, "తాతయ్యా, ఈ రోజు ఏమీ లేదు" అంటుంది. ఆ మాట విన్న తరువాతనే నేను సంధ్యకు కూర్చుంటాను.

స్వామివారు మీ అందరినీ క్షేమంగా ఇండ్లకు చేర్చుగాక. స్వస్తి.